పానా నోరు తెరవకముందే: మా సైకిల్ వర్క్‌షాప్ పనిముట్ల డైరీ

హనుమకొండలో ఒక పాత ఇంటి ముందుగదిలో మా సైకిల్ వర్క్‌షాప్ నడుస్తోంది. సాయంత్రాలు, ఆదివారాలు తెరుస్తాం. ఎవరైనా వచ్చి ఇక్కడి పనిముట్లతో తమ సైకిల్ తామే బాగు చేసుకోవచ్చు, చేతకాకపోతే పక్కన నిలబడి చూపిస్తాం. ఫీజంటూ లేదు, గల్లా డబ్బా ఒకటుంది, తోచినంత వేస్తారు. వచ్చేవాళ్లు ఒక తీరుగా ఉండరు. పొద్దున పేపర్ వేసే పిల్లలు, పాలు పోసే పెద్దమనుషులు, ఎనుమాముల మార్కెట్‌కు పనికి పోయే హమాలీ అన్నలు, బడికి సైకిల్ మీద పోయే ఆడపిల్లలు, ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) హాస్టళ్ల నుంచి గేర్ సైకిళ్లు తోసుకుంటూ వచ్చే విద్యార్థులు. కాబట్టి ఒకే పూట ఒక మూల రాడ్ బ్రేకుల నల్ల సైకిల్, ఇంకో మూల డిస్క్ బ్రేకుల సైకిల్ ఉంటాయి. మొదటిదానికి సుత్తె, పెద్ద పానాలు, పెడల్ కడ్డీని (క్రాంకును) ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులు కావాలి. రెండోదానికి అలెన్ కీలు (ఆరు మూలల కడ్డీ తాళాలు), కేబుల్ కట్టర్, సన్న చైన్‌కు సరిపడే చైన్ టూల్ (చైన్ రివెట్‌ను బయటికి తోసేది) కావాలి.

ఇంతమంది చేతులు పడే చోట సామాను దొంగలు ఎత్తుకుపోతారని మొదట్లో చాలామంది భయపెట్టారు. నిజానికి పోయినవి చాలా తక్కువ. ఉన్నవే పనికిరాకుండా పోతున్నాయి, అదీ ఎవరికీ తెలియకుండా. పానా నోరు కొంచెం తెరుచుకుంటుంది, అలెన్ కీ అంచు కొంచెం గుండ్రబడుతుంది, వాడినవాళ్లు ఏమీ అనకుండా మళ్లీ అదే మేకుకు తగిలించి పోతారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు దానితోనే తమ సైకిల్ బోల్టు తల చెడగొట్టుకుంటారు. ఈ ఏడు వానాకాలం మొదలు దీని మీదే కూర్చున్నాం. ఏం చేశామో, ఏది పని చేసిందో రాసి పెడుతున్నా. ఇంకో ఊళ్లో ఎవరైనా ఇలాంటి చోటు నడుపుతుంటే పనికొస్తుంది.

మిరుగం (మృగశిర కార్తె) వారం

వానలు పూర్తిగా దిగకముందే లెక్క చూసుకోవాలని, గదిలో ఉన్న ప్రతి ఇనుప సామానునూ వరండాలో టార్పాలిన్ పరిచి దాని మీద పోశాం. సొరుగులు, గోడ మేకులు, పాత పెయింట్ డబ్బాలు అన్నీ ఖాళీ చేశాం. ఎప్పుడో పోయిందనుకున్న ఫ్రీవీల్ రిమూవర్ పాత ట్యూబుల సంచి అడుగున దొరికింది. మూడు కుప్పలు పెట్టాం: మంచివి, బాగయ్యేవి, పాత సామాన్ల బండికి వేసేవి.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. పానా మంచిదో కాదో కంటితో చూసి చెప్పలేం. కొత్తదీ అరిగినదీ పక్కపక్కన పెట్టినా తేడా వెంట్రుకవాసి. అందుకని షాప్‌కు పోయి 8, 10, 13 మిల్లీమీటర్ల సైజు తలలున్న కొత్త బోల్టులు, ఒక 15 నట్టు, అలెన్ కీల కోసం 4, 5, 6, 8 రంధ్రాలున్న అలెన్ బోల్టులు ఒక్కొక్కటి కొన్నాం, ఒక చెక్కపట్టీకి వరుసగా బిగించి పెట్టాం. ఈ పట్టీని వేరే ఏ పనికీ వాడకూడదు. అనుమానం వచ్చిన పానాను దీనికి వేసి చేత్తో అటూ ఇటూ ఊపి చూడాలి. కొంచెం ఆట ఉండటం మామూలే, లేకపోతే పానా అసలు ఎక్కదు. కానీ మూల దాటి జారబోతున్నట్టు అనిపిస్తే అది పక్కకు పోవాల్సిందే. కొత్త పానా ఎలా పట్టుకుంటుందో ఒకసారి చేతికి తెలిస్తే తర్వాత పది పన్నెండేళ్ల పిల్లలు కూడా టక్కున చెప్పేస్తున్నారు.

పట్టీ మీద పెట్టి చూస్తే 10, 15 పానాలూ 5 అలెన్ కీలూ అన్నింటికంటే ఘోరంగా ఉన్నాయి. ఎక్కువ వాడేవి అవే మరి. ఒకప్పుడు పోచమ్మ మైదాన్ వైపు అద్దె సైకిళ్ల షాపు నడిపిన కాక ఒకాయన మా దగ్గరికి సాయంత్రం పూట వచ్చి కూర్చుంటాడు. ఆయన ఆ 10 పానాను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "పానా నోరు తెరిస్తే బోల్టు తల పోతది తమ్మీ. తల పోయిన బోల్టు ఊడదీసేటాళ్లకు నీకు పూటంత పోతది" అన్నాడు. అదే రోజు ఒక నిర్ణయం తీసుకున్నాం. గల్లా డబ్బాలో డబ్బు చూసుకుని, పెద్ద సెట్టు కొనే ఆలోచన మానేసి, ఎక్కువ వాడే నాలుగైదు సైజులే గట్టివి, రెండేసి చొప్పున కొనాలని. సెట్టులో సగం సైజులు మేం ఎన్నడూ ముట్టనివే.

జూన్ చివర

ప్లైవుడ్ బోర్డు తయారైంది. ఒక్కో పనిముట్టును బోర్డు మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, లోపల పసుపు పెయింట్ వేశాం. ఖాళీగా ఉంటే పసుపు కనిపిస్తుంది, ఏం తక్కువైందో తలుపు దగ్గర నుంచే తెలుస్తుంది. బోర్డును గోడకు ఆనించకుండా వెనకాల రీపర్లు కొట్టి బిగించాం. మాది మట్టి, సున్నంతో కట్టిన పాత గోడ, వానాకాలం లోపల నుంచి చెమరుస్తుంది, వెనక గాలి ఆడకపోతే వారంలో ప్లైవుడ్ ఉబ్బుతుంది, దాని మీది ఇనుము తుప్పు పడుతుంది.

బోర్డు గీసేటప్పుడు తేలిన సంగతి ఒకటి వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది సైకిల్ పని చేసే ప్రతి చోటా ఉంటుంది. మా దగ్గర 15 సైజువి రెండు రకాలున్నాయి. ఒకటి పెడల్ పానా, పొడుగు పిడి, మందపాటి నోరు. ఇంకోటి కోన్ పానా, చక్రం మధ్యలోని హబ్బులో బేరింగ్ గోళీలను పట్టి ఉంచే కోన్లు సరిచేయడానికి, అట్టముక్కంత పలుచన. కోన్ మీద పానా పట్టే చోటు చాలా సన్నగా ఉంటుంది, మందం పానా దానిలోకి దూరదు, అందుకే అది అంత పలుచగా చేస్తారు. రెంటి మీదా 15 అనే ఉంటుంది. పెడల్ తీయాలని వచ్చినవాళ్లు 15 అని చూసి చేతికి అందింది తీసుకుంటారు, పలుచటి కోన్ పానాను బిగుసుకుపోయిన పెడల్‌కు వేసి కాలితో తొక్కుతారు. పెడల్ ఊడదు, కోన్ పానా నోరు మాత్రం చేప నోరులా తెరుచుకుంటుంది. మా కుప్పలో అలా పోయిన కోన్ పానాలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఇవి పెద్ద ధర కాకపోవచ్చు, కానీ మా వైపు ఏ హార్డ్‌వేర్ షాప్‌లో పడితే ఆ షాప్‌లో దొరికేవి కావు.

చేసిన పని: కోన్ పానాలన్నీ బోర్డు నుంచి తీసేసి హబ్బు పనుల సొరుగులో పెట్టాం. గ్రీజు, బేరింగ్ గోళీలు, కోన్లు, కోన్ పానాలు ఒకే చోట. హబ్బు విప్పేవాళ్లకు అవన్నీ ఒకేసారి కావాలి, పెడల్ విప్పేవాళ్లకు ఆ సొరుగుతో పనే లేదు. బోర్డు మీద 15 అంటే ఇక పెడల్ పానా ఒక్కటే. సూచన రాసి అంటించడం కంటే ఇదే బాగా పని చేసింది.

పెడల్ పానా ఎందుకు పాడవుతోందో కూడా చూశాం. ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది. తెలియనివాళ్లు మామూలు బోల్టులాగే విప్పబోయి ఇంకా బిగిస్తారు, ఊడట్లేదని పైపు తొడిగి తొక్కుతారు, అప్పుడు పానా అయినా పోతుంది, క్రాంకు మర అయినా పోతుంది. ఎడమ, కుడి అని గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేకుండా ఒకే మాట బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాం: పానా పిడి పైకి ఉండేట్టు వేయి, వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. రెండు వైపులా ఇదే లెక్క. కింద ఒక సైకిల్ బొమ్మ, రెండు బాణాలు. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి చేస్తున్నారు.

జూలై, ముసురు

నాలుగు రోజులుగా ముసురు పట్టింది. సైకిళ్లు బురదతో వస్తున్నాయి, తడి చేతులతోనే పనిముట్లు ముడుతున్నారు. తడి ఒక్కటే కాదు, చెమటలో ఉప్పుంటుంది, వేలిముద్ర పడిన చోటనే ముందు తుప్పు మొదలవుతుంది. కొత్త 10 పానా పిడి మీద బొటనవేలు ముద్ర ఆకారంలోనే ఎర్రటి మచ్చ కనపడింది.

కుప్పలో మిగిలిన తుప్పు సామానుకు వెనిగర్ వైద్యం చేశాం. కిరాణం షాప్‌లో దొరికే తెల్ల వెనిగర్ ప్లాస్టిక్ టబ్బులో పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున ఇనుప బ్రష్‌తో రుద్దితే నల్లటి పొర ఊడి వచ్చింది. ఆ వెంటనే తినే సోడా కలిపిన నీళ్లలో ముంచి తీయాలి, లేకపోతే అంటుకుని ఉన్న వెనిగరే మళ్లీ గంటలో తుప్పు తెస్తుంది. తర్వాత నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవాలి. ముసురులో ఆరడం ఎట్లా? గ్యాస్ పొయ్యి మీద పెనం వేడి చేసి దింపి దాని మీద పరిచాం, చేయి పట్టేంత వేడి చాలు.

అన్నీ ఇలా ముంచడానికి పనికిరావు. క్రోమ్ పూత ఉన్న పానాలను ముంచలేదు, పూత లేచిన సందులోంచి పులుపు లోపలికి పోయి ఇంకా లేపుతుంది. స్ప్రింగులున్న ప్లయర్లు, కట్టర్ల జోలికి పోలేదు, గట్టి ఉక్కు ఎక్కువసేపు అందులో ఉంటే పెళుసెక్కే ప్రమాదం ఉంది. వాటిని డీజిల్ గుడ్డతో, సన్నటి ఎమరీ కాగితంతో చేత్తోనే రుద్దాం. ఆకురాళ్లు వేరే పని: పళ్ల సందుల్లో ఇరుక్కున్న అల్యూమినియం పొడిని ఇనుప బ్రష్‌తో పళ్ల వాటంగా గీకి తీసి, సుద్దముక్క రుద్ది పెట్టాం. సుద్ద ఉంటే పొడి అంత తేలిగ్గా అతుక్కోదు. ఒకదాని మీద ఒకటి పడేయకుండా గుడ్డ సంచిలో విడివిడి అరలు కుట్టించాం, ఆకురాయికి ఆకురాయి రాసుకున్నా పళ్లు పోతాయి.

తుప్పు మళ్లీ రాకుండా రోజూ మూసేముందు ఒక పని పెట్టుకున్నాం. కుట్టుమిషన్ నూనెలో తడిపి పిండిన గుడ్డ మూత డబ్బాలో ఉంటుంది. ఆఖరున ఉన్నవాళ్లు బోర్డు మీది ఒక్కో పనిముట్టు తీసి ఆ గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి మళ్లీ పెడతారు. టీ కాగేలోపు అయిపోతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది, నేను దీన్నే ఎక్కువ లెక్కపెడతాను: తుడిచేటప్పుడు ప్రతి పనిముట్టూ ఒకరి చేతిలోంచి పోతుంది, నోరు తెరిచినా, పిడి వదులైనా, మొన విరిగినా ఆ రాత్రే దొరుకుతుంది. సొరుగుల్లోకి బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అడిగి తెచ్చి వేశాం.

జూలై, ఇంకో ఆదివారం

అలెన్ కీల పని. 5 కీ కొస గుండ్రబడితే దాన్ని పడేయాల్సిన అవసరం లేదు. అరిగేది కొసన మూడు నాలుగు మిల్లీమీటర్లే, ఆ వెనకాల ఆరు మూలలూ కొత్తగానే ఉంటాయి. ఆ ముక్కను గ్రైండర్ మీద తీసేస్తే కీ మళ్లీ కొత్తది. ఇక్కడ తొందర పనికిరాదు. చక్రానికి ఒక్క క్షణం ఆనించాలి, నీళ్లలో ముంచాలి, మళ్లీ ఆనించాలి. ఉక్కు నీలం రంగు తిరిగిందంటే దాని గట్టితనం పోయినట్టే, ఇక అది రెండు బోల్టులకే మెత్తబడుతుంది. కొస చదునుగా వచ్చాక అంచు చుట్టూ ఉన్న సన్న పొరను సానరాయి మీద రుద్ది తీసి, పట్టీ మీది 5 బోల్టులో వేసి చూశాం, చక్కగా కూర్చుంది. గుండు కొస ఉన్న కీలకు ఇది కుదరదు. అవి వాలుగా తిప్పడానికి, గట్టి బిగుతుకు కాదు. అందుకే వాటిని విడిగా, ఎర్ర టేపు చుట్టి పెట్టాం. ఎన్‌ఐటీలో చదివే తమ్ముడొకడు ఓపికగా కూర్చుని మొత్తం కీలన్నీ సాపు చేశాడు, కళ్లద్దాలు పెట్టుకునే చేశాడు, గ్రైండర్ దగ్గర అది తప్పనిసరి.

ఎవరో ఇచ్చిన చిన్న టార్క్ రెంచి (ఎంత బిగువు కావాలో అంకె పెట్టి బిగించే పానా) కూడా ఉంది. వాడాక దాన్ని కింది అంకెకు తిప్పి పెట్టాలి, దానితో బోల్టులు విప్పకూడదు. అడిగినవాళ్లకే తీసి ఇస్తున్నాం.

ఆగస్టు

గాలి పంపు కొట్టినకొద్దీ కొట్టడమే, ట్యూబులోకి గాలి పోవట్లేదని గొడవ. పైపు కొసను బొటనవేలితో గట్టిగా మూసి పిడి నొక్కి వదిలితే పైకి ఎగిరి రావాలి, మాది అలాగే కిందికి దిగిపోయింది. అంటే తోలు వాషర్ ఎండిపోయింది. పంపు పైమూత విప్పి కడ్డీ బయటికి తీస్తే వాషర్ గట్టిపడి ముడుచుకుపోయి ఉంది. గోరువెచ్చటి ఆముదంలో ఒక పూట నానేసి, మెత్తబడ్డాక అంచులను వేళ్లతో కప్పులా విప్పి, మళ్లీ వేశాం. పల్లీనూనె, కొబ్బరినూనె వాడొద్దు. పల్లీనూనె కొన్నాళ్లకు జిగురవుతుంది, కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది. ఆముదం తోలులో నిలుస్తుంది. మాకు సైకిల్‌కు గాలి కొట్టడమే అన్నింటికంటే ఎక్కువ జరిగే పని, పంపు ఆగితే వర్క్‌షాప్ ఆగినట్టే, కాబట్టి ఒక కొత్త వాషర్ కొని డబ్బాలో దాచి పెట్టాం.

ఈ నెలలోనే జరిగిన ఇంకో విషయం నాకు అన్నింటికంటే ముఖ్యమైనది.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తన సైకిల్ చైన్ సరిచేసుకుంటుంటే చైన్ టూల్ పిన్ను విరిగింది. ఆ అమ్మాయి దాన్ని గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు తలుపు దగ్గర నిలబడింది, తర్వాత వచ్చి, "అన్నా, నేను ఇరగ్గొట్టలే, తిప్పుతుంటే ఇరిగింది, పైసలు కట్టాల్నా?" అని అడిగింది. కళ్లలో నీళ్లు. కట్టనక్కర్లేదమ్మా, చెప్పినందుకు సంతోషం అని కూర్చోబెట్టాం. లైటు కింద చూస్తే ఆ పిన్ను అంతకుముందే వంగి ఉంది, విరిగిన చోట సగం పాతబడి నల్లగా, సగం కొత్తగా తెల్లగా మెరుస్తోంది. అంటే ఎప్పుడో ఎవరో పగుల్చారు, చెప్పకుండా పెట్టేశారు, ఆఖరున ఈ పిల్ల చేతిలో విరిగింది. విడి పిన్ను మా దగ్గర ఉంది. ఆ అమ్మాయితోనే మార్పించాం: పాత ముక్కను తీసి కొత్తది వేయడం, తిప్పే మరకు చుక్క గ్రీజు పెట్టడం, చైన్ గాడిలో పూర్తిగా కూర్చుందా, పిన్ను మొన చైన్ రివెట్ మధ్యలోకి సూటిగా ఉందా అని చూశాకే తిప్పడం. కాక పక్కనుంచి చైన్ లాకు (చైన్ కొసలను కలిపే క్లిప్పు) ఉన్న పాత సైకిళ్లకు ఈ టూల్ అవసరమే లేదని, లాకు ఊడదీసి పెట్టేటప్పుడు మూసి ఉన్న కొస చైన్ పోయే దిక్కుకు ఉండాలని చేసి చూపించాడు.

ఆ రోజు రాత్రి మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. పనిముట్టు పాడైతే జరిమానా వేయాలన్న మాట అంతకుముందు ఒకరిద్దరు అన్నారు. జరిమానా పెడితే వస్తువులు పాడవడం ఆగదు, చెప్పడం ఆగుతుంది. పాడైన సంగతి తెలియకపోతే మేం బాగు చేసేదేముంటుంది? అందుకని తలుపు పక్కన ఎర్ర డబ్బా ఒకటి పెట్టి దాని మీద "దవాఖాన" అని రాశాం. ఏ పనిముట్టు సరిగ్గా లేదనిపించినా అందులో వేయొచ్చు. ఎవరు వేశారు, ఎవరి చేతిలో పోయింది, ఎవరూ అడగరు. పక్కన చీటీల కట్ట, పెన్ను ఉన్నాయి, ఇష్టమైతే ఏమైందో ఒక ముక్క రాయొచ్చు. ఆదివారం పొద్దున డబ్బా తెరిచి అందులోవి బాగు చేయడమే మొదటి పని, సైకిళ్లు తర్వాత.

మొదటి వారంలోనే డబ్బా సగం నిండింది. బోర్డు మీద బాగున్నాయనుకున్నవే వచ్చి పడ్డాయి. కేబుల్ కట్టర్ వచ్చింది, చీటీ మీద "వైర్ చీలుతుంది" అని ఉంది. లైటుకు ఎదురుగా పట్టి మూసి చూస్తే రెండు అంచుల మధ్య అర్ధచంద్రంలా ఒక గాటు, వెలుతురు అందులోంచి వస్తోంది. ఎవరో దానితో స్పోక్ కత్తిరించారు. స్పోక్ ఉక్కు అంచును తినేస్తుంది, గాటు పడిన కట్టర్‌తో బ్రేక్ వైర్ కోస్తే పోగులు విడిపోయి వైర్ పైగొట్టంలోకి (ఔటర్‌లోకి) దూరవు. దీన్ని సానపెట్టి బాగు చేయడం మా వల్ల కాలేదు, కొత్తది కొనాల్సి వచ్చింది. పాత కట్టర్‌ను పారేయకుండా నీలం టేపు చుట్టి స్పోకులు, మేకులు కోయడానికి పెట్టాం. కత్తిరించడానికి ఏదో ఒకటి చేతికి దొరికితే కొత్తదాని జోలికి రారు.

సెప్టెంబర్

సుత్తెల వంతు. పెద్ద సుత్తె తల ఊగుతోంది, కొట్టేటప్పుడు ఎగిరి వచ్చి ఎవరికైనా తగిలితే ఇంకేమన్నా ఉందా? రాత్రి నీళ్ల బకెట్‌లో వేస్తే పొద్దునకు బిగుస్తుంది, చాలామంది అదే చేస్తారు. కర్ర తడికి ఉబ్బి బిగుస్తుంది సరే, ఆరాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. ములుగు రోడ్డు వైపు వడ్లాయన (వడ్రంగి) దగ్గరికి తీసుకుపోతే పాత కర్ర కొట్టేసి ఎండిన తుమ్మ కర్రతో కొత్త పిడి చెక్కి, పైన కర్ర చీలిక ఒకటి, అడ్డంగా ఇనుప చీలిక ఒకటి కొట్టి ఇచ్చాడు. పిడిలో కర్ర పోగు పొడుగునా తిన్నగా ఉండేలా చూసుకుని చెక్కాడు, అడ్డం పోగు ఉంటే అక్కడే విరుగుతుందట.

సుత్తె ఎక్కువ వాడేది కాటర్ పిన్ను పనికే. నల్ల సైకిళ్లలో క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది ఈ పిన్నే. దాన్ని ఊడగొట్టాలని సుత్తెతో బాదితే పిన్ను మర చితుకుతుంది, ఆ దెబ్బ లోపలి బేరింగ్ కప్పుల మీద కూడా పడి గోళీల గుంటలు పడతాయి. వెల్డింగ్ షాప్ అన్నతో మాట్లాడి ఒక ప్రెస్ చేయించాం: మందపాటి ఇనుప పట్టీని సీ ఆకారంలో కోసి, ఒక చివర మర వేసి లావుపాటి బోల్టు బిగించాడు, రెండో చివర పిన్ను బయటికి రావడానికి రంధ్రం. బోల్టును పానాతో తిప్పితే పిన్నును నిదానంగా తోస్తుంది, టక్కుమని ఒక్క శబ్దంతో వదులుతుంది. మొదట చేసింది పక్కకు వంగింది, వెనకాల ఇంకో పట్టీ వేసి వెల్డ్ చేశాక నిలబడింది. తుప్పుతో బాగా పట్టేసిన పిన్నుకు మాత్రం ఇప్పటికీ సుత్తే దిక్కు. అప్పుడు నట్టును మొత్తం తీసేయకుండా మర కొసతో సమంగా ఉంచి, క్రాంకు కింద పైపు ముక్క నిలబెట్టి, ఒకే ఒక గట్టి దెబ్బ వేయాలి. చిన్న చిన్న దెబ్బలు పదేస్తే మర చితకడం తప్ప పిన్ను కదలదు.

బతుకమ్మ, దసరా

బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ సాయంత్రం ఆడపిల్లలెవరూ రారు, వేయిస్తంభాల గుడి దగ్గర అడుగు పెట్టే సందుండదు. మేం కూడా తొందరగా మూసి ఆయుధ పూజకు సిద్ధం చేశాం. బోర్డు మీదివి, సొరుగుల్లోవి, దవాఖాన డబ్బాలోవి కూడా దించి తుడిచి చాప మీద వరుసగా పెట్టాం. ఈసారి పూజలో ఒక చిన్న మార్పు చేశాం. తడి పసుపు పానా నోళ్లకు, ఆకురాళ్లకు, వైస్ దవడలకు పూస్తే అది ఆరేలోపే కింద తుప్పు మొదలవుతుంది. కాబట్టి బొట్లు పిడులకే, సుత్తె కర్రలకే, బోర్డు చెక్కకే పెట్టాం. కాకను అడిగితే, "పిడికి పెట్టినా పనిముట్టుకు పెట్టినట్టే, రేపు పొద్దున తుడిసి నూనె రాయి" అన్నాడు. వైస్ మరకు అప్పుడే కొత్త గ్రీజు పెట్టాం, దవడలకు పాత టైరు ముక్కలు తొడిగాం, ఫ్రేములకు గీతలు పడకుండా.

దసరా తర్వాత

ఇంటికి తీసుకుపోవడం గురించి గొడవ తేలింది. ఇప్పటిదాకా తెలిసినవాళ్లకు ఇచ్చేవాళ్లం, తెలియనివాళ్లకు లేదనేవాళ్లం, అది పద్ధతి కాదు. ఇకపై పంచర్ సామాను, టైర్ లివర్లు, రెండో 10 పానా, రెండో 15 పెడల్ పానా ఇంటికి ఇస్తాం, పేరు రాసుకుని, ఆదివారం తిరిగి తేవాలి. కోన్ పానాలు, కట్టర్, చైన్ టూల్, టార్క్ రెంచి గది దాటవు. తిరిగి వచ్చినవి నేరుగా బోర్డుకు ఎక్కవు, పట్టీ మీద చూశాకే ఎక్కుతాయి.

మిగిలిన పని చక్రాల స్టాండ్. సొట్ట తీసేటప్పుడు అందులో సరిచేసిన చక్రం ఫ్రేములో పెడితే ఒక పక్కకు ఉంటోందని ఇద్దరు ముగ్గురు చెప్పారు, ఒకరు చీటీ రాసి దవాఖాన డబ్బాలో వేశారు కూడా. తప్పు స్టాండ్‌దా చక్రానిదా తేల్చడానికి చక్రాన్ని స్టాండ్‌లో పెట్టి సూచికలు రెండు వైపులా రిమ్ముకు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవాలి, తర్వాత చక్రం తీసి కుడి ఎడమలు మార్చి పెట్టాలి. దూరం స్టాండ్‌లో మళ్లీ అదే వైపు ఎక్కువ కనిపిస్తే వంకర స్టాండ్‌ది, ఆ దూరం కూడా వైపు మారితే వంకర చక్రానిది. మాకు మార్చి పెట్టినా అదే వైపు వచ్చింది. స్టాండ్ ఎడమ కాలు అడుగున వెల్డింగ్ దగ్గర సన్న పగులు ఉన్నట్టుంది. వచ్చే ఆదివారం పెయింట్ గీకి చూస్తాం. పగులే అయితే వెల్డింగ్ అన్న దగ్గరికి, లేదంటే సూచికలు విప్పి మధ్యకు జరిపి మళ్లీ బిగించడం. అప్పటిదాకా స్టాండ్‌కు ఎర్ర టేపు కట్టి పెట్టాం, చక్రాల పని ఉన్నవాళ్లు సైకిల్‌ను తలకిందులు పెట్టి బ్రేకు రబ్బర్లనే గుర్తుగా చూసుకుంటూ చేసుకుంటున్నారు.